ఉమాపతి గారి అరబ్బు పొగ

రాజాంలో బట్టల కొట్టు ఉమాపతి గారికున్న జబ్బు ఒక్కటే. కంటపడ్డ ప్రతిదానికీ పొగ వెయ్యాలి. మనం వేసుకునే సాంబ్రాణి కాదు, అరబ్బుల పొగ. కుర్రతనంలో ఏడెన్ రేవులో ఒక సేటు దగ్గర గుమాస్తాగా చేసి, ఒక ఇత్తడి ధూపపాత్రా, అత్తరులో నానిన అగరుచెక్క ముక్కలు ఓ డబ్బాడూ పట్టుకొచ్చారు. ఆ ముక్కల్ని అక్కడ బుఖూరు అంటారట. డబ్బా ఖాళీ అయినప్పుడల్లా బొంబాయి నుంచి తెప్పించేవారు. ఏడెన్‌లో ఆయన సంపాదించిన ఆస్తంతా అదే.

భార్య సూర్యకాంతం మొగుడితో కంటే ఆ పొగతోనే ఎక్కువ కాపురం చేసింది. చీరలకి పొగ, పరుపులకి పొగ, వంటింటికి పొగ.

"పొయ్యి మీద సారు కూడా అత్తరు కంపు కొడతన్నాది. గేదెకి కూడా ఏసెయ్యండి, అదొక్కతే మిగిలింది" అంది ఓనాడు.

ఆయన వెటకారం ఎక్కే మనిషి కాదు. మధ్యాహ్నానికల్లా గేదెకీ వేసేశారు. అది పలుపుతాడు తెంపుకుని పారిపోయింది. వెతికి పట్టుకునేసరికి పొద్దుగూకింది.

సాలూరు నుంచి ఆవిడ తమ్ముడు జగన్నాధం వస్తే, కాళ్లు కడుక్కోకముందే కండువా కింద ధూపపాత్ర పట్టారు.

"బాగుంది బావా" అన్నాడు పాపం అతను.

"బాగోదేటి మరి? ఏడెన్‌లో సుట్టాలు లేచి ఎల్లేముందు ఇలాగే ఏస్తారు. పొగ అయ్యాక ఇంక కూకోకూడదు. అదీ మర్యాద!"

"నేనిప్పుడే కదా వచ్చాను!"

"మర్యాదంటే ఏటో నీకు సూపించాలి కదరా."

జగన్నాధం మళ్లీ ఏడాది దాకా ఆ గుమ్మం తొక్కలేదు. పొగబెట్టి పంపడమని మనం మాటవరసకి అంటాం. ఆయన చేసి చూపించారు.

యుద్ధం ముదిరి బట్టకి కంట్రోలు వచ్చాక ఈ పిచ్చి కొట్టులోకి పాకింది. రేషను గుడ్డ ఇచ్చే రోజున జనం కిక్కిరిసి ఉంటే, గజంబద్ద గుమాస్తా జోగయ్య చేతిలో పెట్టి, ఆయన ధూపపాత్ర పట్టుకుని ఊరేగేవారు. గొప్పలకి పోయే మనిషని సూర్యకాంతం తల కొట్టుకునేది.

ఒక కంట్రోలు రోజు పొద్దున్న ఆవిడ డబ్బా తీసి చూస్తే ఖాళీ. ఓడలు రావడం లేదు, బొంబాయిలోనూ సరుకు లేదు. పీడ విరగడైందని దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఇంటికీ కొట్టుకీ మధ్య గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆయన ఉత్త బొగ్గులు వేసిన పాత్ర పట్టుకుని, మహా గంభీరంగా తిరుగుతున్నారు.

వరసలో ఎప్పటిలాగే ఎండుచేపలమ్మే మరిడమ్మ ఉంది. ఒంటిమీదున్న చీర తప్ప ఆమెకి ఇంకో చీర లేదు, అదీ చిరుగులే. పక్కనే బల్లమీద బియ్యం మిల్లువారి భాగ్యవతి గారు కూర్చుని ఉన్నారు. కాసేపటికే ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఏటీ కంపు, ఉమాపతీ? ముందు దాన్ని బయటికి తోలు. నీ లైసెన్సు సంగతి సూసే కమిటీలో మావారున్నారు, మరిసిపోయావేటి?"

కొట్టంతా మరిడమ్మ వైపు తిరిగింది. ఆమె కార్డు పిడికిట్లో బిగించి తల దించుకుంది. ఇప్పుడు బయటికి పోతే మళ్లీ గుడ్డ దొరికేదెప్పుడో.

"తప్పు నాదేనండమ్మా" అన్నారు ఉమాపతి గారు. "అది నా పొగ వాసన."

"ఇదా?"

"కొత్త రకమండి. అరబ్బులు అగరులో సముద్రపు నత్తగుల్ల పొడి కలుపుతారు. షేకుల ఇళ్లల్లో వాడే సరుకు. మామూలోళ్లకి మొదట్లో కంపులాగే ఉంటాది."

మామూలోళ్లు అనేసరికి భాగ్యవతి గారి కొంగు ముక్కు మీంచి చప్పున దిగింది.

ఇన్నాళ్లూ కొట్టులో ఆ పొగ ఎవరి కోసం తిరిగిందో సూర్యకాంతానికి అప్పుడు తెలిసింది. మరిడమ్మ ఒక్కదానికే వేస్తే ఆమెకి చిన్నతనమని ఊరందరికీ వేశాడు మహానుభావుడు! ఆవిడకి మొగుడు ముద్దొచ్చాడు. చరచరా వచ్చి ఆయన చేతిలోంచి పాత్ర లాక్కుని, భాగ్యవతి గారి ముక్కు కింద పెట్టింది.

"పీల్చండి వదినగారూ. మీలాంటోళ్లకి తెలీని సరుకా ఇది!"

భాగ్యవతి గారు కళ్లు మూసుకుని, గుండెల నిండా ఎండుచేపల వాసన పీల్చారు.

"ఆహా! అసలు సరుకంటే ఇదీ. మా ఇంటికీ కొంచెం పంపించు."

మరిడమ్మ గుడ్డ చంకన పెట్టుకుని, బయట దింపిన గంప నెత్తికెత్తుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"బాబూ, ఎప్పుడూ నీ పాడు పొగకి నాకు తల తిరిగిపోతాది. ఇయేలే బాగున్నాది. రోజూ ఇదే ఎయ్యి!"