పని లేనివాళ్ల జొన్నలు

నా చిన్నప్పుడు, యుద్ధం ముగిసిన ఏడు, పని పోయినవాళ్లకు సర్కారు జొన్నలు ఇస్తుందన్న మాట మా గుండ్లపోచంపల్లికి వచ్చింది. మా నాయిన అప్పటిదాకా మేడ్చల్ అవతల సిపాయిల కోసం కడుతున్న క్యాంపులో రాళ్లు మోసేవాడు. యుద్ధం అయిపోగానే కట్టడం ఆగింది. కూలీలందరినీ ఒకేసారి పొమ్మన్నారు. ఆ ఏడు వానలు లేవు, పొలాల్లోనూ పని లేదు. మా అమ్మ బాలింత. తిండి లేక ఆమెకు పాలు పడలేదు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా తగ్గించాడు. జొన్నలు దొరికితే అమ్మకు గటక, అమ్మ గటక తింటే తమ్ముడికి పాలు. మా ఇంట్లో అప్పుడు ఇంకో ఆలోచన లేదు.

నాయిన నన్ను వెంటబెట్టుకుని పొద్దు పొడవకముందే బయలుదేరాడు. నీళ్లకో దేనికో ఆయన పక్కకు పోతే వరుసలో చోటు పోకుండా నేను నిలబడాలి. మేడ్చల్ స్టేషను దగ్గరి గోదాము ముందు అప్పటికే జనం ఉన్నారు. మా వెనకాలే అలియాబాద్ ఖాలా వచ్చి కూర్చుంది. ముసల్మానుల ఇంటి ఆడమనిషి, భర్త లేడు, క్యాంపులో మా నాయినతోపాటే సున్నం మోసింది. వాళ్ల భాషలో ఖాలా అంటే పిన్ని. కూలీలందరూ ఆమెను అలాగే పిలిచేవారు. పని మధ్యలో సద్ది విప్పినప్పుడు నాయినా ఆమే తొక్కు పంచుకుని తిన్నవాళ్లు.

జొన్నలు పంచేది ఒక మున్షీ. తీసేసినవాళ్లకే ఇస్తామని, తనంతట తాను పని మానుకున్నవాడికీ, ఇప్పుడు వేరే పని ఉన్నవాడికీ గింజ కూడా దొరకదని ముందే చెప్పాడు. నాయిన ధైర్యంగానే ఉన్నాడు. ఆయనను తీసేసిన మాట నిజం, వేరే పని లేని మాటా నిజం.

ఎండ ఎక్కాక మున్షీ వరుస వెంట నడుస్తూ మా దగ్గర ఆగాడు. గొంతు మెత్తగానే ఉంది.

“ఊకె కూసునే బదులు గా కట్టెలు జర కొట్టు రా. నీ వంతు యాడికి పోదు.”

నాయిన లేచాడు. దొర ఇంటికీ, ఊళ్లోకి వచ్చిన ప్రతి అధికారికీ కూలి లేకుండా వెట్టి చేసి పెరిగిన మనిషి ఆయన. పెద్దవాళ్లు పని చెబితే ఎందుకని అడగడం ఆయనకు తెలియదు. నన్ను తన చోట్లో నిలబెట్టి గొడ్డలి అందుకున్నాడు. ఇంకొందరిని మున్షీ నీళ్లు తోడమన్నాడు, వాళ్లూ వెళ్లారు. ఖాలాను గోదాము ముందు ఊడవమన్నాడు. ఆమె కదల్లేదు.

“నా మోకాళ్లు లేస్తలేవు సర్కార్. లేస్తే మీ కాడికెందుకొస్త?”

మున్షీ నవ్వి ముందుకు పోయాడు.

మా వంతు వచ్చింది. నాయిన చెమట తుడుచుకుంటూ వచ్చి సంచి చాపాడు. మున్షీ ఆయనను కింది నుంచి మీదిదాకా చూశాడు.

“నువ్వు పని చేస్తున్నోనివి గదరా. గివి పని లేనోళ్ల జొన్నలు.”

“తమరు చెప్తేనే చేసిన దొరా.”

“ఎవలు చెప్పినా పని పనే. ఇగ పని లేదని ఎట్లంటవ్?”

పక్కనున్న బంట్రోతు నవ్వాడు. వరుసలోనూ ఒకరిద్దరు నవ్వారు. నాయిన దండం పెట్టాడు, ఇంట్లో బాలింత ఉందన్నాడు. మిగిలిన కట్టెలు చూపించి, ఒప్పుకున్న పని సగంలో వదిలిపెట్టకూడదన్నాడు మున్షీ. నాయిన వెళ్లి అవి కూడా కొట్టాడు.

ఈలోగా ఖాలా సంచి నిండింది. ఇలా చేస్తారని నీకు ముందే తెలుసా అని ఆమెను అడిగాను.

“తెలుసు బిడ్డా. నిన్న మా మరిదిని గిట్లనే చేసి ఒట్టి సంచితోని పంపిండు.”

మరి మా నాయినకు ఎందుకు చెప్పలేదన్నాను.

“మీ నాయిన నా ముందట ఉండె. లోపట బస్తాలు తక్కువున్నయి, నేను సూసిన. ఇప్పుడు చెప్తున్న గద, యాదిల పెట్టుకో. నీ పని అయ్యేదాంక వాళ్ల పని ముట్టకు.”

ఆమె మాటలో కోపం లేదు, సిగ్గూ లేదు. పిండి కలపడం నేర్పినంత మామూలుగా చెప్పింది. నాయిన అప్పటికే ఒట్టి సంచితో వచ్చి వెనక నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఖాలా సంచి ఎత్తుకోబోయింది గాని చేత కాలేదు. జర ఎత్తు తమ్మీ అంది. నాయిన వంగి, ఆ సంచి ఆమె తలకెత్తాడు.

మర్నాడు ఎవరేం చెప్పినా లేవనని ఒట్టు పెట్టుకుని ఆయన ఒక్కడే వెళ్లాడు. పని చెప్పేవాళ్లెవరూ లేరు. గోదాముకు తాళం వేసి ఉంది. ఆ నెల గడవకముందే తమ్ముడు పోయాడు.

ఖాలాను నేను చాలా ఏళ్లు తిట్టుకున్నాను. ఆ సంచి కోసం ఆమె ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో మాత్రం అడగలేదు.

మనవళ్లు పుట్టాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు పింఛను కోసం ఆఫీసు ముందు నిలబడితే, గోడకు అంటించిన కాగితం వెనకవాళ్లందరికీ వినబడేలా చదువుతాను. ఏం తెచ్చుకోవాలో, ఏ మాట అంటే వెనక్కి పంపుతారో నా వంతు రాకముందే చెప్పేస్తాను. ముసలమ్మ మంచిదంటారు. నా ఇంట్లో ఇప్పుడు పొయ్యి వెలుగుతోంది, చెప్పడం సులువే. పాలు లేని పసిబిడ్డను ఇంట్లో పెట్టుకుని, లోపల బస్తాలు తక్కువున్నాయని తెలిసి కూడా ఇలాగే చదివేదాన్నా అని నన్ను నేను అడుగుతుంటాను. అవునని ఇంతవరకు చెప్పలేకపోయాను.