బీరువా తెరిచిన రత్తమ్మత్త

నిన్న బజారులో ఎవరో ఇత్తడి మీద ఆకురాయి గీస్తుంటే ఆగిపోయాను. ఆ కీచు చప్పుడుకి అందరికీ పళ్ళు జివ్వుమంటాయి. నాకు మాత్రం నవ్వొస్తుంది, రత్తమ్మత్త గుర్తొస్తుంది. బెజవాడలో మా వీధి చివర తాళాల కొట్టు ఆమెది. భర్త దగ్గర నేర్చుకున్న పని. ఆయన పోయాక ఆమే నడిపేది. నలభైల నాటి మాట. ఆడమనిషి ఆకురాయి పట్టి కొట్టులో కూర్చోవడం జనానికి వింత. ఆమెకి కాదు.

నా పెళ్ళినాటి ఉదయం పట్టుచీరలు, పుట్టింటి సూత్రం అన్నీ నాన్నగారి సీమ బీరువాలో ఉన్నాయి. తాళంచెవి కొంగున ముడేసుకుని కాలువకి స్నానానికెళ్ళిన నాయనమ్మ ఉత్త కొంగుతో తిరిగొచ్చింది. అప్పటికే విడిదింట్లో సన్నాయి మొదలైంది. నాన్నగారు సమ్మెట తెమ్మని కేకేశారు.

"కొట్టకండి అన్నయ్యగారూ! తాళం లోపలి పిన్నులు వంగితే ఇక ఎవరివల్లా కాదు," అంది రత్తమ్మత్త, కబురందుకుని పనిముట్లతో వచ్చి గుమ్మం బయటే నిలబడి. భర్త పోయినదాన్ని, పెళ్ళింట అడుగుపెట్టకూడదని ఆమె వెనకాడుతోంది. నాయనమ్మ కూడా ముఖం తిప్పుకుంది. నాకు ఎక్కడి తెగువొచ్చిందో, వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను.

ఆమె పళ్ళు కోయని ఇత్తడి తాళంచెవి ఒకటి దూర్చి, తిప్పి పట్టి, పైకీ కిందికీ కదిపి, బయటికి తీసి వెలుగులో చూసింది.

"ఇదుగో అమ్మాయీ, పిన్ను అడ్డుపడ్డచోట చుక్క పెట్టింది. అక్కడే గీయాలి."

గీసింది, మళ్ళీ దూర్చింది. పసుపు ముఖంతో నేనూ పక్కన చేరి చుక్కలు వెతకసాగాను. కాసేపటికి తాళం కొంచెం తిరిగింది. ఇల్లంతా హమ్మయ్య అనుకునేలోగా ఆగిపోయింది.

"ఇంకాస్త బలంగా తిప్పమ్మా!" అన్నారు నాన్నగారు.

రత్తమ్మత్త పకపకా నవ్వింది. "ఇందులో దొంగపిన్నులున్నాయండీ, నడుం సన్నవి. తెరుచుకుంటున్నట్టే నమ్మించి పట్టేస్తాయి. బలం పెడితే మరీ బిగుస్తాయి."

పట్టు కాస్త వదులు చేసి, నెమ్మదిగా కదిపి తీసింది. "అదిగో!" అని నేనే ముందు అరిచాను. వెంట్రుకంత గీత. "మంచి కళ్ళే నీవి!" అంటూ గీసింది. ఈసారి తాళం టక్కున తిరిగింది.

తలుపు తెరిచి ఆమె పక్కకి తప్పుకోబోయింది. నాయనమ్మ అడ్డొచ్చి, "ఎక్కడికే రత్తీ? సూత్రం నీ చేత్తోనే తీసి పిల్లకివ్వు," అంది. ఇత్తడి రజను అంటిన చేతులు పమిటకి తుడుచుకుని ఆమె సూత్రం పళ్ళెంలో పెట్టి నాకందించింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

నా అత్తిల్లూ ఆ ఊరే. పెళ్ళి సందడి తగ్గగానే కొట్టుకెళ్ళి ఆమె పక్కన పీట వేసుకున్నాను. "ఇక ఇంట్లో నేనేదీ దాచలేనన్నమాట," అని మావారు నవ్వారు. మొదటి తాళం నా చేత్తో తెరుచుకున్న రోజు రత్తమ్మత్త చప్పట్లు కొట్టి వీధంతా మిఠాయి పంచింది. ఆమె తరవాత ఆ కొట్టు నాదైంది.

ఇప్పుడు చూపు ఆనదు, పని మానేశాను. కానీ ఇంట్లో ఎవరైనా అలిగి బిగుసుకుంటే అందరూ నన్నే పిలుస్తారు. నేను వెళ్ళి, మాటలు పెంచకుండా, కాసేపు పక్కన కూర్చుంటాను. అంతకంటే గొప్ప విద్య నాకేమీ రాదు.