మారెప్ప గేటు పాసు

మంగళవాడ మారెప్ప తన నాలుగెకరాల శెనక్కాయ చేను సోలార్ పార్కుకు కౌలుకిచ్చాడు. భార్య లక్ష్మక్కను పూడ్చింది ఆ చేనిలోనే. సమాధి ఉన్న మూలలో సోలార్ పలకలు వెయ్యలేదు గానీ, చుట్టూ కంచె పడింది. లోపలికి పోవాలంటే గేటు దగ్గర ఆ రోజుకు రాసిచ్చిన పని పాసు చూపాలి.

ఆ పాసు అతనికి నేను పనిచేసే భూగర్భజలాల ఆఫీసు వల్ల దొరికేది. బోరుబావుల నీటిమట్టం కొలిచే ఇరవై ఆరు పెట్టెలు ఆ చుట్టుపక్కల పెట్టాం. ఒక పెట్టె తన కొలతను పక్కదానికి పంపుతుంది, అది ఇంకోదానికి. చివరికి పార్కు లోపలి టవరుకు చేరుతుంది. టవరుకు దగ్గరగా ఉన్నది మారెప్ప పాత బోరు మీది పెట్టె. అన్నిటి కొలతలూ అదే మోసేది. అందుకే నెలకే దాని బ్యాటరీ అయిపోయేది. మార్చడానికి మారెప్ప వెళ్లేవాడు. పది నిమిషాల పనికి పూటంతా పట్టేది. సమాధి చుట్టూ గడ్డి పీకి, కాసేపు కూర్చుని వస్తాడని అప్పటికి నాకు తెలియదు.

"మళ్లీ ఇదేనా తాతా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఇది పెద్దకోడలమ్మా! ఇంటిల్లిపాది చాకిరీ దీని నెత్తినే ఉండాది. మా ముసిల్ది ముగ్గురు కోడండ్లకీ వంతులేసింది. మీ సదువుల్లో వంతులు లేవా?" అని నవ్వాడు.

నాకు తట్టనిది అదే. టవరుకు అందే పెట్టెలు ఇంకో మూడున్నాయి. దేంట్లో చార్జి ఎక్కువ మిగిలితే ఆ వారం కొలతలు దాని మీదుగా, అదీ గంటకోసారి కాక రోజుకోసారి పోయేలా ప్రోగ్రాం మార్చాను.

నాలుగు నెలలకు మారెప్ప ఆఫీసుకొచ్చాడు. జ్వరంతో ఉన్న మా పాప వర్షిణి నా ఒళ్లో ఉంది.

"ఆ పెట్టె ఇంకా సావలేదా తల్లీ?"

"ఇంక మూడేండ్లు సావదు తాతా. నీకు ఎండలో తిరిగే పని తప్పింది."

"మూడేండ్లా?" గోడకానుకుని కూర్చున్నాడు. "నేను ఆయమ్మ కాడికి ఎట్ల పోయేది?"

అప్పుడు చెప్పాడు సమాధి సంగతంతా.

గేటు దగ్గర పాసులు రాసే దేవరాజ్‌ను, మారెప్పను లోపలికి పోనిమ్మని అడిగాను. "పనుంటేనే పాసు మేడమ్. సమాధికని రాసిస్తే నా ఉద్యోగం పోతాది" అన్నాడు.

ప్రోగ్రాం తెరిచాను. పాతలాగే బరువంతా ఆ ఒక్క పెట్టె మీద వేస్తే నెలకోసారి మారెప్పకు గేటు తెరుచుకుంటుంది. కానీ బ్యాటరీలు ఎంతకాలం మన్నాయో చూసిన తర్వాతే నా కాంట్రాక్టు పొడిగిస్తారు. వర్షిణికి ఇంకా ఏడాది నిండలేదు. ఏమీ మార్చకుండా మూసేశాను.

కాంట్రాక్టు పొడిగించారు. మారెప్ప బస్టాండులో కనబడినప్పుడల్లా, "ఏమన్నా చెడిపోయినాదా తల్లీ?" అని అడుగుతాడు.

"లేదు తాతా" అంటాను. "అన్నీ బాగుండాయి."