గుర్రం మందు, పెళ్ళి ఉంగరం

మా పెళ్ళికి రెండు వారాలుందనగా, కాబోయే మా ఆయన్ని పాము కరిచింది.

పందిరి ఎక్కడ వేయించాలో చూద్దామని గుడివాడ నుంచి దివిసీమలోని మా ఊరికి వచ్చారు. చర్చి వెనక గడ్డిమేటు దగ్గర నిలబడి, చేతులు చాచి కొలతలు చూపిస్తూ ఒక అడుగు వెనక్కి వేశారు. అంతే, నాగుపాము. నాన్న, బాబాయి ఆయన్ని మోటారు సైకిలు మీద మధ్యన కూర్చోబెట్టుకుని అవనిగడ్డ ఆస్పత్రికి పరుగెత్తారు. విరుగుడు మందు సీసా తర్వాత సీసా ఎక్కించారు. రెప్పలు వాలిపోయిన మనిషి మర్నాడు కళ్ళు తెరిచి, "పందిరి కాస్త ఇవతలికి వేయిద్దామండీ మావయ్యగారూ" అన్నారు. నా ఏడుపంతా నవ్వైపోయింది.

ఆ తర్వాత నా కాలు నేలమీద నిలవలేదు. బందరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో కనపడిన ప్రతివాళ్ళకీ శుభలేఖ ఇచ్చేశాను, ఎక్కిన ఆటో అతనికి కూడా.

పెళ్ళి ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా ఫోనొచ్చింది. "జ్వరంగా ఉంది. ఒళ్ళంతా దద్దుర్లు. వేళ్ళు మడవలేకపోతున్నాను" అన్నారు. మా మామ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని అక్కడే ప్రార్థన మొదలుపెట్టింది. ఎదురింటావిడ పాము పగబట్టిందని తేల్చేసింది. నేనూ మామ్మా మొదటి బస్సుకే గుడివాడ వెళ్ళాం.

అక్కడి డాక్టరమ్మగారు ఆయన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈమధ్య ఏమైనా కొత్త ఇంజెక్షన్లు చేయించుకున్నారా?" అని అడిగారు.

"పాము కరిచిందండీ."

"అదీ సంగతి! ఆ విరుగుడు గుర్రం రక్తంలోంచి తీస్తారండీ. మీ ప్రాణం అదే కాపాడింది. కానీ మీ ఒంటికి అది పరాయిదే కదా. వారం తిరిగేసరికి దానిమీదికి యాంటీబాడీల్ని తయారుచేసి పంపించింది. ఆ రెండూ అతుక్కుని, ముద్దలై, రక్తంలో తిరుగుతూ చర్మంలోనూ కీళ్ళల్లోనూ చిక్కుకుంటున్నాయి. చిక్కుకున్నచోటల్లా వాపు. సీరం సిక్‌నెస్ అంటాం. తగ్గిపోతుంది. కిడ్నీల్లో కూడా చిక్కుకోవచ్చు కాబట్టి మూత్రం పరీక్ష చేయిద్దాం."

మామ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే ఈ అబ్బాయి ఒంట్లో ఇప్పుడు గుర్రం ఉందంటారా అమ్మా?"

"కొంచెం ఉందండీ" అన్నారు డాక్టరమ్మగారు, నవ్వకుండా.

ఇక ఆగలేకపోయాను. దారంతా చావు గురించే ఆలోచిస్తూ వచ్చినదాన్ని, బల్లమీద తల పెట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వబోయి, "అబ్బా, దవడ కూడా నొప్పే" అన్నారు. దాంతో నర్సు కూడా మొదలుపెట్టింది.

స్టెరాయిడ్ మాత్రలతో జ్వరం, దురద తగ్గాయి. పెళ్ళినాటికి ఆయన నిటారుగా నిలబడ్డారు గానీ వేళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది. తోశాను.

"నెమ్మది! అది నా వేలు" అని గొణిగారు.

మళ్ళీ తోశాను. పాస్టరుగారు పుస్తకంలోంచి తలెత్తి చూశారు. ముందు బెంచీలోంచి మామ్మ, "చిటికెన వేలికి తొడగవే! ఏ వేలైతేనేం, దేవుడు చూసుకుంటాడు!" అని కేకేసింది. చర్చి మొత్తం గొల్లుమంది. చిటికెన వేలికే తొడిగాను. పాస్టరుగారు ఎక్కడిదాకా చదివారో మర్చిపోయి, ప్రమాణాలు మళ్ళీ మొదటినుంచీ చేయించారు. ఆ లెక్కన మేం రెండుసార్లు ప్రమాణం చేశాం.

ఆ మాత్రలకి ఆకలి విపరీతమట. పెళ్ళికొడుకు బంతి మారినప్పుడల్లా వచ్చి కూర్చుని రొయ్యల వేపుడు తిన్నారు. వంటవాళ్ళు మురిసిపోయారు.

పెళ్ళయ్యాక మళ్ళీ గుడివాడ వెళ్ళాం. కిడ్నీలకి ఏమీ కాలేదన్నారు డాక్టరమ్మగారు. మాత్రలు తగ్గిస్తూ ఆపేయమని, ఇంకెప్పుడైనా పాము కరిస్తే ఈ సంగతి ముందే చెప్పమని అన్నారు.

"కరవనివ్వనండీ" అన్నాను నేను.

బయటికొచ్చి, ఆ సంబరంలో బోర్డు కూడా చూడకుండా కదులుతున్న బస్సెక్కేశాం. అది ఉయ్యూరు బస్సు. టిక్కెట్టు తీసుకున్నాక గానీ తెలియలేదు. ఉయ్యూరులో దిగి, చెరో గ్లాసు చెరుకురసం తాగి, నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాం.