తొక్కితే లేవని క్లచ్

మొన్నటి చలికాలంలో మా పాత పికప్‌ క్లచ్ మొరాయించింది. ఆ నెపంతో, ఇరవై ఏళ్లకు పైగా మా బండి తోలుతున్న డ్రైవర్ దగ్గర తాళాలు తీసేసుకున్నాను. ఆ పని ఎంత తప్పో ఒక చలి పొద్దున తెలిసింది.

మాది శబరి నది ఒడ్డున కొంటాలో కిరాణా దుకాణం. సంతలకు ఉప్పు, సబ్బులు, ఉల్లిగడ్డలు తీసుకెళ్లి, తిరుగు దారిలో చింతపండు, ఇప్ప గింజలు వేసుకొస్తాం. డ్రైవర్ దోర్ల తెగ మనిషి. మా నాన్న పెట్టుకున్నవాడు, అరవైకి దగ్గరపడ్డాడు. నేను అతణ్ణి మామా అంటాను, అతను నన్ను సేటూ అంటాడు. పిలుపు వరకే చుట్టరికం. నా కోపం ముక్కు మీదే ఉంటుందని సంత మొత్తానికి తెలుసు. అతనికి ఉన్న కాస్త చెలక వాన దయ మీద నడుస్తుంది, ఇంట్లో ఐదుగురు మాత్రం అతని జీతం మీదే నడుస్తారు.

బండి జబ్బు వింతగా ఉండేది. పొద్దున్నే క్లచ్ తొక్కితే పెడల్ కిందికి పోయి అక్కడే ఉండిపోయేది. కాలి వేళ్లు కిందికి దూర్చి పైకి లేపాలి. గేరు వేయబోతే గరగరమని అరుపు. ఎండ ఎక్కేసరికి అంతా మామూలే, ఏమీ ఎరగనట్టు నడిచేది. మెకానిక్ దగ్గరికి మేం ఎప్పుడు వెళ్లినా మధ్యాహ్నమే, కాబట్టి అతని ముందు బండి ఎప్పుడూ బుద్ధిగానే ఉండేది.

మెకానిక్ గీదం నుంచి వచ్చి హైవే పక్కన షెడ్డు వేసుకున్నవాడు. పెడల్ దగ్గర తడి ఉందేమో చూశాడు, లేదు. కింద గేరుబాక్స్ పక్కనున్న చిన్న సిలిండర్ విప్పితే లోపలి రబ్బరు వాషర్ ఉబ్బి కనిపించింది. నాసిరకం మాల్ అని తిట్టి, కొత్తది వేసి, పైపులో గాలి తీశాడు. వారం తిరగకముందే మళ్లీ అదే కథ. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది: తప్పు బండిది కాదు, తోలేవాడిది.

నిజానికి అప్పటికే కొంతకాలంగా అతని డ్రైవింగ్ నాకు నచ్చడం లేదు. దోర్నపాల్ సంత దారిలో వాగు వంతెనకు దిగే చోట మొదటి గేరు వేసి ఈడ్చుకుంటూ దించేవాడు. వెనకున్న బండ్లన్నీ హారన్లు కొట్టేవి.

"దిగుడుకి మొదటి గేరేంది మామా? ఊకె గేర్లు మార్చి, క్లచ్ మీద కాలేసి, నువ్వే దాన్ని తిన్నవు," అన్నాను.

అతను ఏదో చెప్పబోయాడు. నేను చెయ్యి చాపాను. తాళాలు నా చేతిలో పెట్టి, భుజం మీద తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో మా అమ్మ "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం" అంది. ఆమె మీదా అరిచాను.

తర్వాత రెండు వారాలు నేనే తోలాను. క్లచ్ తీరు మారలేదు. చివరికి మెకానిక్ విసిగిపోయి, బండి సాయంత్రం షెడ్డులో వదిలేసి తెల్లారి రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి ఇంకా ఎండ పొడ లేదు, శబరి మీది నుంచి చలి కొడుతోంది. నా ఎదుటే బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ ఉండే ప్లాస్టిక్ డబ్బా మూత తిప్పాడు. లోపల పైన తెల్లగా, పేరిన నెయ్యిలా ఉంది.

వేలితో కాస్త తీసి వాసన చూశాడు. ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"సేఠ్‌జీ, ఇది ఇప్ప నూనె. ఎవరు పోసిండ్రు?"

పోసింది నేను.

వానలు వెనకపట్టిన రోజుల్లో, సంత నుంచి వస్తుంటే ఓసారి క్లచ్ వదులైపోయింది. చూస్తే ఆ డబ్బాలో ఆయిల్ అడుగంటింది. దగ్గర్లో దుకాణం లేదు. వెనక గానుగ నుంచి తెచ్చిన ఇప్ప నూనె డబ్బా ఉంది. మా తాత కాలంలో బండి ఇరుసుకు అదే, మా ఇంట్లో దీపానికి, మోకాళ్లకు ఇప్పటికీ అదే. బండికి మాత్రం ఎందుకు పనికిరాదని పోశాను. పెడల్ నాలుగుసార్లు తొక్కితే క్లచ్ పట్టింది. ఆ తెలివిని దుకాణం ముందు నెల రోజులు చెప్పుకున్నాను. తర్వాత తగ్గినప్పుడల్లా అదే పోశాను. వెచ్చగా ఉన్నన్నాళ్లు అది నీళ్లలా కదిలింది. చలికి గడ్డకడుతుందని మా ప్రాంతంలో పసిపిల్లకు కూడా తెలుసు. మా అమ్మ చలికాలమంతా సీసాను ఎండలో పెట్టాకే వంట మొదలుపెడుతుంది. ఆ సీసాను రోజూ చూస్తూ నేను డ్రైవర్ కాలిని తప్పుపట్టాను.

"సరే, క్లచ్ పైపులు కడిగెయ్," అన్నాను.

"క్లచ్ ఒక్కటేనా సేఠ్? డబ్బా రెండిటికీ ఒకటే. బ్రేకులకూ ఇదే పోతది. ఈ నూనెకు రబ్బరు ఉబ్బుతది."

ముందు చక్రం విప్పి, బ్రేకు సిలిండర్ లోంచి రబ్బరు తీసి నా అరచేతిలో పెట్టాడు. అది మెత్తగా, ఉబ్బి, గోరు తగిలితే చినిగిపోయేలా ఉంది. అంతకు ముందు ఆదివారమే మా అమ్మనూ నా భార్యనూ పక్కింటి ఇద్దరు ఆడవాళ్లనూ ఎక్కించుకుని ఆ వాగు దిగుడు దిగాను. మూడో గేరులో, దర్జాగా. బ్రేకు ఒకసారి ఆలస్యంగా పట్టింది. చలికి అనుకున్నాను.

మెకానిక్ మూడు రోజులు పనిచేశాడు. పాతదంతా పారబోసి, పైపులన్నీ కడిగి, ఉన్న ప్రతి రబ్బరూ మార్చి, కొత్త ఆయిల్ పోసి, ఒక్కో చక్రం దగ్గర గాలి తీశాడు. నాలుగో రోజు పొద్దున క్లచ్ తొక్కి వదిలితే నా కాలిని నెట్టుకుంటూ పైకి లేచింది.

అక్కడి నుంచే తిన్నగా డ్రైవర్ ఇంటికి వెళ్లాను. అతను వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. అతను కత్తి పక్కన పెట్టాడు.

"నువ్వు పోసినప్పుడే చూసిన సేటూ. డబ్బా ఒకటే అని నాకు ఎర్కే. బ్రేకు మీద నమ్మకం లేకనే, ఇంజినే బండిని పట్టి ఆపుతదని దిగుడు కాడ మొదటి గేరుల దించిన."

నేను హారన్లు లెక్కపెట్టుకున్న ఆ దిగుడులో, ప్రతి వారం అతను నన్ను బతికించి కిందికి దించుతున్నాడు.

"మరి చెప్పలేదేంది మామా?"

"చెప్పిన. రెండుమాట్ల చెప్పిన."

అతని గొంతులో కోపం లేదు. అదుంటే తట్టుకునేవాణ్ణి. తాళాలు చాపితే వెంటనే అందుకోలేదు. "ఈ రెండు వారాల్ల అమ్మ ఎక్కిందా బండిల?" అని అడిగాడు. ఎక్కిందన్నాను. అప్పుడు చెయ్యి చాపి తాళాలు తీసుకున్నాడు.

"రేపటి సంది వస్త. గని నువ్వు దుకాణంల కూసో. సంతకు అమ్మ, నేను పోతం."

మా నాన్న పోయాక నాకు అలా చెప్పిన మనిషి లేడు. సరేనన్నాను.

ఇప్పుడు సంత రోజుల్లో నేను గల్లా దగ్గరే ఉంటున్నాను. ఇప్ప నూనె గురించి నేను కొట్టిన గొప్పలు మాట పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎవరు నవ్వారో కూడా గుర్తుంది. అతను చెప్పిన ఆ రెండుసార్లలో ఒక్కసారైనా గుర్తుకు తెచ్చుకుందామని కూర్చుంటాను. ఎంత తవ్వినా ఆ మాట నాకు దొరకడం లేదు.