హాల్ట్ ఏజెంట్ లచ్చన్న

లచ్చన్నది నిజామాబాద్ వైపు ఊరు. ఒమాన్‌లోని సోహార్‌లో, మా కంపెనీ యార్డులో లోడింగ్ పని. రెండేళ్లకే నడుము పోయింది. ఇంకో ఎండాకాలం బరువులు మోస్తే మంచం పడతానని అతనికి తెలుసు. అప్పుడే కొత్త రైలు మార్గంలో మా కంపెనీకి పని దొరికింది. రైల్వే అనుభవం ఉన్నవాళ్లకు స్టోర్‌లో, నీడపట్టున డ్యూటీ అన్నారు.

ఫారం పట్టుకుని నా రూమ్‌కు వచ్చాడు.

"తమ్మీ, నాలుగు పుస్తకాలు సదివినోనివి. నువ్వే నింపు."

"రైల్వేల ఏం జేసినవన్నా?"

"హాల్ట్ ఏజెంట్. పదకొండేండ్లు."

రైలు ఒక్క నిమిషం ఆగే ఆ హాల్ట్ కథ అప్పుడు విన్నాను. ఊరి జనమే గంపలతో మట్టి మోసి ప్లాట్‌ఫారం కట్టుకున్నారు. ఒక రేకుల గది, రోజుకు రెండు ప్యాసింజర్ బండ్లు. రైల్వే జీతగాడు ఒక్కడూ లేడు. పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చి కమీషన్ మీద అమ్మింది లచ్చన్నే. కరోనాకు బండ్లు బందయ్యాయి. మళ్లీ నడిచాయి గానీ అక్కడ ఆగలేదు. బోర్డు పీక్కుపోయారు, రేకులు ఎవరో విప్పుకుపోయారు. ఊరిని అడిగినవాడు లేడు.

ఉన్నది ఉన్నట్టు 'ఏజెంట్' అని రాశాను. గల్ఫ్‌లో ఏజెంటంటే వీసాలమ్మి మనుషుల్ని ముంచేవాడే. తెలిసీ నాకు తట్టలేదు.

ఆఫీసులో సూపర్‌వైజర్ ఆ మాట దగ్గరే ఆగాడు. "కిత్నే ఆద్మీ లాయా తూ?"

ఎంతమందిని తెచ్చావంటే, రైలెక్కినవాళ్లను అడుగుతున్నాడనుకున్నాడు లచ్చన్న. "రోజ్ పచాస్, సాఠ్ సాబ్. జాతరకైతే దోసౌ!"

"కమీషన్?"

"మిల్తా థా సాబ్!" వచ్చేదని గొప్పగా చెప్పాడు.

పక్కనే ఉన్న నేను అడ్డుపడి, రైలు టికెట్ల ఏజెంటని చెప్పాను. ఆ స్టేషన్ చూపించమన్నాడు సూపర్‌వైజర్. ఫోన్ మ్యాపులో పట్టాల పక్కన తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. చేతిలో కాగితమూ లేదు. ఆ డ్యూటీ ఎవరి చుట్టానికో పోయింది.

మేముండే లేబర్ క్యాంపులో మాట పాకింది. ఏజెంటు చేతిలో మోసపోయి వచ్చిన సురేందర్ మెస్సులో పళ్లెం పట్టుకుని లేచాడు.

"ఏంది ఏజెంట్ సాబ్, ఎందరి కొంపలు ముంచినవ్?"

"రైలు టికెట్లమ్మిన రా అయ్యా."

"నన్ను ముంచినోడు గూడ టికెట్టే ఇచ్చిండు. ఇమానం టికెట్టు."

జూన్‌లో, ఆ రైలు మార్గానికే పోయే, పట్టాలు బిగించే ఇనుప క్లిప్పుల బస్తా ఎత్తుతూ లచ్చన్న కూలబడ్డాడు. మళ్లీ నిలబడలేదు. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసింది. ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కించడానికి చంకల కింద చేతులేసి ఇద్దరం పట్టుకున్నాం. రెండోవాడు సురేందర్.