అరుగు మీద చెప్పిన గ్రూపులు

మా ముత్తాత మూడు గ్రామాలకు మునసబు. ఆయన నిలబడి ఉంటే తాసిల్దారు కూడా కూర్చునేవాడు కాదని మా ఇంట్లో చెప్పేవారు. మా తాత బందరు కోర్టులో ప్లీడరు. గూడూరు దగ్గరి మా ఊళ్ళో హైస్కూలు కట్టింది ఆయన ఇచ్చిన రెండెకరాల్లోనే. మా నాన్న సమితి అధ్యక్షుడిగా చేశాడు. ఊరికి మంత్రి వస్తే భోజనం మా ఇంట్లోనే. నేను వాళ్ళ వారసుణ్ణి. నాకు ఏ పదవీ లేదు. ఇల్లు, వీధివైపు నాలుగు టేకు స్తంభాల అరుగు, రొయ్యల సాగుకు లీజుకిచ్చిన పొలం, ఇవి నా వంతుకు వచ్చాయి. వీటితోపాటు ఒక అలవాటు కూడా వచ్చింది.

పదో తరగతి ఫలితాలు పేపర్లో అచ్చయ్యే రోజుల్లో ఊరి మొత్తానికి పేపరు మా ఇంటికే వచ్చేది. తాత అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని హాల్ టికెట్ నంబర్లు పైకి చదివేవాడు. నంబరు ఉన్న పిల్లవాడు తండ్రితో కలిసి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడాలి. తాత ఇద్దరినీ ఒకసారి చూసి చెప్పేసేవాడు: "నువ్వు ఎంపీసీ. నువ్వు బైపీసీ. వీణ్ణి ఐటీఐలో వెయ్యరా." పిల్లవాడికి ఏది ఇష్టమో అడిగినట్టు ఎవరికీ గుర్తులేదు. తండ్రి ఏ పని చేస్తాడు, ఇల్లు ఊళ్ళోనా పేటలోనా అన్నవి మార్కులకన్నా ముందు చూసేవాడు. ఆయన మాట విని ఇంజనీర్లయినవాళ్ళు కొందరున్నారు, అందుకని ఊరు నమ్మింది. చెడిపోయినవాళ్ళు మళ్ళీ అరుగు దగ్గరికి రాలేదు, అందుకని వాళ్ళ సంగతి మాకు తెలియలేదు.

తాత తర్వాత నాన్న చెప్పాడు. నాన్న తర్వాత నేను. నా కాలానికి ఫలితాలు ఫోన్లలోకి వచ్చేశాయి, అయినా అలవాటు కొద్దీ ఏటా నలుగురైదుగురు వచ్చేవారు. నేను చదివింది బందరులో బీఏ. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే నోటికి మాట వచ్చేది.

ఎనిమిదేళ్ళ కిందట మా అమ్మాయి పది పాసైంది. నాకు ఒక్కతే కూతురు. బందరులో ఇంగ్లీషు మీడియం బడికి పంపాను. కానీ ఆ పిల్ల మనసంతా లీజుకిచ్చిన చెరువుల దగ్గరే ఉండేది. బడి నుంచి రాగానే గట్టు మీదికి పోయేది. లీజుదారు మేత వేసి నీళ్ళలోకి దించిన చెక్ ట్రేని తాడు పట్టి పైకి లాగి, రొయ్యని వెలుతురుకెత్తి చూసేది. తనకి పదేళ్ళున్నప్పుడు ఒకరోజు భోజనాల దగ్గర అంది, "నాన్నా, రెండో చెరువులో రొయ్యలకి పేగు తెల్లగా ఉంది. మేత తగ్గించమని అంకులుకి చెప్పండి."

"ముందు నువ్వు చెయ్యి కడుక్కో. ఇల్లంతా నీచు కొడుతోంది," అన్నాను.

వారం తిరక్కుండా రొయ్యలన్నీ చచ్చి రెండో చెరువు ఖాళీ అయింది. మా అమ్మాయి దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక ఆటో మా గుమ్మం ముందు ఆగింది. గూడూరు, బందరు మధ్య ఆటో నడిపే మనిషి, పేటలో చర్చి పెద్ద. వాళ్ళ నాన్న మా నాన్న దగ్గర పాలేరు. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల మా తాత ఇచ్చిన స్థలంలోని హైస్కూల్లో చదివి పదికి తొమ్మిది పాయింట్ ఎనిమిది తెచ్చుకుంది. మా అమ్మాయికి తొమ్మిదిన్నర. ఈ సంగతి నాకు అప్పటికే తెలుసు. ఆ తేడా నాకు మింగుడుపడలేదు.

"బాబుగారూ, పిల్ల బైపీసీ అంటంది. డాక్టరు చదువుద్దంట," అన్నాడతను మెట్ల కింద నిలబడి. అరుగు మీద బెంచీ ఉంది. దాని మీద కూర్చోమని నేను అనలేదు, అతనూ కూర్చోలేదు.

ఆ పిల్ల నా వైపు సూటిగా చూసి, "అవునండి, నాకు బైపీసీ కావాలండి," అంది.

"డాక్టరీ అంటే ఇంట్లో మూడు తరాల నుంచీ పుస్తకాలుండాలమ్మా," అన్నాను. "మీ ఇంట్లో ఉన్న పుస్తకాలెన్ని? ఒక్కటి. అది ఆదివారం పుస్తకం. దివిసీమలో చేపల పెంపకం డిప్లొమా ఉంది, రెండేళ్ళు. పదో తరగతి పాయింట్లతోనే సీటిస్తారు. చెరువుల మధ్య పుట్టినదానివి, చెరువుల మీదే బతుకు. నీకు అదే సరిపోతుంది."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. తండ్రి నవ్వబోయి ఆగాడు. "అంతేనమ్మా. బాబుగారు మన మంచికే సెప్తారు," అన్నాడు.

అప్పుడే మా అమ్మాయి లోపల్నుంచి వచ్చింది. తలుపు వెనకే నిలబడి అంతా విన్నట్టుంది. "నాన్నా, ఆ కోర్సు నాక్కూడా రాయండి. నేను అడుగుదామనుకుంటున్నది అదే," అంది.

వీధిలో అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు.

"లోపలికి వెళ్ళు. నువ్వు బైపీసీ. గుడివాడలో హాస్టలు చూసి పెట్టాను."

"ఆ అమ్మాయికి కావలసింది నాకిచ్చి, నాక్కావలసింది ఆ అమ్మాయికిస్తారా? ఇద్దరం మార్చుకుంటే సరిపోతుందిగా."

"మన ఇంటి పిల్ల రొయ్యలు ఏరదు."

"మనింట్లో మూడు తరాల నుంచీ పుస్తకాలున్నాయి కదా నాన్నా. మరి డాక్టరు ఒక్కరూ కాలేదేం?"

ఆటో మనిషి తల దించుకున్నాడు. అతని కూతురు దించుకోలేదు. మా అమ్మాయి వైపే చూస్తూ ఉంది. మా ఇంట్లో ఆడపిల్లల మీద ఎవరూ చెయ్యెత్తరు, మాట చాలు. నేను నెమ్మదిగానే అన్నాను. "నీకంత ఇష్టమైతే ఆటో ఎక్కు. వీళ్ళతోపాటు పేటకి వెళ్ళిపో. అక్కణ్ణించి ఏ చదువైనా చదువుకో. ఈ గుమ్మం మాత్రం మళ్ళీ ఎక్కకు."

పదహారేళ్ళ పిల్ల. ఒకసారి ఆటో వైపు చూసింది, ఒకసారి నా వైపు. లోపలికి వెళ్ళిపోయింది. ఆటో మనిషి నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. నేను నెగ్గాననుకున్నాను. ఆ మధ్యాహ్నం పప్పు రుచిగా ఉందని మా ఆవిడతో అన్నట్టు కూడా గుర్తు.

"పిల్ల అన్నం ముట్టలేదండీ," అంది మా ఆవిడ.

"ఆకలైతే అదే తింటుంది," అన్నాను.

గుడివాడ హాస్టల్లో రెండేళ్ళు. ఆదివారం పూట ఫోను చేయనిచ్చేవారు. నేను అడిగేది ఒక్కటే: "వీక్లీ టెస్టులో ఎంత?" తను చెప్పేది ఒక్క అంకె. తర్వాత ఫోను వాళ్ళమ్మకి ఇచ్చేవాణ్ణి. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పక్క గదిలో నుంచి మా ఆవిడ గొంతు వినిపించేది, "తింటున్నావా? నిద్ర పోతున్నావా?" అని. సెలవులకు ఇంటికి వచ్చినా గట్టు వైపు పోయేది కాదు. చెరువుల మీద నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు వినబడకుండా కిటికీ మూసేసేది.

ఇంటర్ పాసైంది. డాక్టరు సీటు పరీక్ష మొదటిసారి తప్పింది. లాంగ్ టర్మ్ కోచింగులో వేశాను. కరోనా రోజుల్లో ఫోనులో పాఠాలు. రెండోసారి తప్పింది. మూడోసారి తప్పింది. ఇక చాలని మా ఆవిడ అంటే, మా తాత ప్లీడరీ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాడని చెప్పాను. నిజానికి ఆయన మొదటిసారే పాసయ్యాడు. నాలుగోసారి కూడా తప్పింది. హాస్టళ్ళకీ కోచింగులకీ పొలం ముక్కలు ముక్కలుగా లీజుదారుకే అమ్మేశాను. నాలుగో ఫలితం వచ్చినరోజు మా అమ్మాయి ఫోను నా ముందు పెట్టి నిలబడింది. తెర మీద ర్యాంకు చూశాను. ఆ అంకెని ఇక్కడ రాయను.

"నీకు బుర్ర లేదు," అన్నాను.

"ఉందో లేదో మీరు ముందే అడగాల్సింది," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది.

అప్పటికే ఆ ఏటి కాలేజీ చేరికలన్నీ అయిపోయాయి, ఏడాదిపాటు ఇంట్లో ఊరికే కూర్చుంది. మరుసటి ఏడు పదో తరగతి ఫలితాలప్పుడు అరుగు దగ్గరికి ఎవరూ రాలేదు. నేను చొక్కా వేసుకుని పదింటి దాకా కూర్చుని లేచాను. ఆరోజే మా అమ్మాయి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి దివిసీమకు వెళ్ళింది. పొద్దు వాలాక తిరిగి వచ్చింది.

"ఎక్కడికెళ్ళావు?"

"డిప్లొమా కాలేజీకి. పదో తరగతి పాయింట్లు బాగున్నాయన్నారు. వయసు దాటిపోయిందన్నారు."

"ఎంత దాటింది?"

"రెండు నెలలు." చెప్పులు విప్పి మూలన పెట్టింది. "నాలుగోసారి రాయకపోతే సరిపోయేది."

మా ఆవిడ నా వైపు చూడకుండా కూతురికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ నెలలోనే ఆటో మనిషి మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు అతనికి రెండు ఆటోలు. మెట్లెక్కి వచ్చి, నేను అనకుండానే బెంచీ మీద కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకోలేదు, అంతవరకు మర్యాద ఉంచాడు.

"అమ్మాయిగారు ఇంట్లో ఊరకే ఉంటన్నారని తెలిసిందండి," అన్నాడు. "మా పిల్ల బందరులో రొయ్యల ల్యాబు చూసుకుంటంది కదండి. చెరువుల కాడికెళ్ళి నీళ్ళు తెచ్చే మనిషి కావాలంట. అమ్మాయిగార్ని పంపండి. నేర్పుద్ది."

మా ఇంటి అరుగు మీద కూర్చుని, మా ఇంటి పిల్ల ఏం చెయ్యాలో అతను చెప్పాడు. లోపల్నుంచి మా అమ్మాయి, "ఎప్పుడు రమ్మంటారండి?" అని అడిగింది.

వెళ్ళనిచ్చే ముందు ఆ చోటు నేను చూడాలనుకున్నాను. బందరు వెళ్ళాను. చిన్న మేడ మీద రెండు గదులు. బయటి గదిలో రైతులు సీసాల్లో చెరువు నీళ్ళూ, ప్లాస్టిక్ కవర్లలో బతికున్న రొయ్యలూ పట్టుకుని కూర్చున్నారు. నేను ఫలానా అని చెప్పుకోవలసి వచ్చింది. ఒకతను పక్కకి జరిగి, "రా మావయ్యా, కూచో. నీది ఏ ఊరు? నీకూ తెల్లపేగేనా?" అన్నాడు. గంట సేపు కూర్చున్నాను. ఆ గంట ఆటో మనిషి కూతురు కావాలనే కూర్చోబెట్టిందో, నిజంగానే పనిలో ఉందో ఈనాటికీ తెలియదు.

లోపల తెల్లకోటు వేసుకుని ఉంది. బల్ల మీద గాజు పళ్ళాల్లో చెరువు నీళ్ళలోని సూక్ష్మజీవులు పచ్చ చుక్కలుగా, పసుపు చుక్కలుగా పెరిగి ఉన్నాయి. వాటిని లెక్కపెడుతూనే మాట్లాడింది.

"కూర్చోండి సార్. మీరు చెప్పిన చదువేనండి ఇది."

"బాగా స్థిరపడ్డావు," అన్నాను.

"మీ దయండి." మరో పళ్ళెం తీసింది. "మా నాన్న ఇప్పటికీ అంటారు, ఆ రోజు మీరు చెప్పబట్టే అని. నేనేమీ అనను. నాకు కావలసింది మీకు గుర్తుందో లేదో."

"గుర్తుంది."

"డాక్టర్ని అయ్యుంటే మీ అమ్మాయికి పని ఇప్పించగలిగేదాన్ని కాదు కదండీ. అలా అనుకుంటే మంచే జరిగింది." నవ్వింది. ఆ నవ్వులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. "సీసాలు మొయ్యాలి, ఎండలో తిరగాలి. ఆవిడకి ఫర్వాలేదా సార్? మీ ఇంటి పిల్లలు రొయ్యలు ఏరరని ఆ రోజు మీరన్నారు, అందుకని అడుగుతున్నా."

ఫర్వాలేదని చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. దానికి నేను గర్వపడుతున్నాను.

మా అమ్మాయి పనిలో చేరింది. పెడన వైపు, గూడూరు వైపు చెరువులు తన వంతు. గట్టు మీద రొయ్యని వెలుతురుకెత్తి చూస్తుంది. చూసింది కాగితం మీద రాయడానికి మాత్రం వీల్లేదు. డిప్లొమా ఉన్న మనిషే రాయాలి, సంతకం పెట్టాలి. ఒకసారి అటుగా వెళ్తూ విన్నాను. మా పొలమే, ఇప్పుడు లీజుదారుడి సొంతం. గట్టు మీద నిలబడి ఫోనులో మాట్లాడుతోంది: "మేడం, పేగు తెల్లబడటం మొదలైంది మేడం. మేత ఆపమని చెప్పనా మేడం?" అవతల నుంచి ఏదో అన్నారు. "సరే మేడం. ముందు శాంపిల్ తెస్తాను." ఆ మేడం ఆటో మనిషి కూతురే, తన వయసు పిల్లే. నన్ను చూసింది. సీసాకి మూత బిగించుకుంది.

ఆ సాయంత్రం అడిగాను, "నువ్వు చూసింది సరైనదేనా?"

"ఎప్పుడూ సరైనదే నాన్నా. పదేళ్ళప్పుడూ సరైనదే." అన్నం కలుపుకుంటూ అంది. "చెయ్యి కడుక్కున్నాను, అడగక్కర్లేదు."

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. తాత నాన్నకి చెప్పలేదు, నాన్న నాకు చెప్పలేదు. నేను మాత్రం ఎక్కడ నేర్చుకుంటాను? బస్సులు అందక, సీసాలున్న సంచీ మోసుకుని మా అమ్మాయి రోజూ రెండు మైళ్ళు నడిచేది. నడవనిచ్చాను కొన్నాళ్ళు. తర్వాత ఒకరోజు పాతసామాన్ల వ్యాపారికి కబురు చేశాను.

నిరుడు వేసవిలో అరుగు మీది నాలుగు టేకు స్తంభాలనూ గుడివాడ వ్యాపారి లారీలో పట్టుకుపోయాడు. ఆ డబ్బుతో మా అమ్మాయికి పాత స్కూటీ ఒకటి కొన్నాం. పడక్కుర్చీనీ బెంచీనీ కూడా కొనమన్నాను. బెంచీ తీసుకున్నాడు. కుర్చీ వద్దన్నాడు.